కాంకార్డుకు కృతజ్ఞతా కూడిక

ఇంటికి సున్నాలు వేయించాలని సజ్జ మీది సామాను దింపుతుంటే మా ఆవిడ సునీత చేతికి ఒక నల్లటి ప్లాస్టిక్ వస్తువు దొరికింది. కింద వెడల్పైన పీట, దాని మీద నిలువుగా ఒక పిడి, పిడికి బొటనవేలు తగిలేచోట ఒక ఎర్ర మీట. "ఇదేంది, పాత మిక్సీదా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసి, "గిదే గద, మనందర్ని ఉప్పల్ల పడేసింది" అంది. అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడిపోయింది. సునీత నా వైపు చూసింది. ఆమెకు చెప్పకుండా దాచిన గొప్ప సంగతులేవీ నా జీవితంలో లేవు. దాచదగ్గంత జీవితం నేను గడపలేదు. కానీ ఇదొక్కటి మాత్రం ఆమెకు చెప్పలేదు. లోపలి గదిలో నేను ఆదివారం మధ్యాహ్నాలు తలుపు దగ్గరికి వేసుకుని కంప్యూటర్‌లో విమానాలు నడుపుతానని ఆమెకు తెలుసు. యాభై దాటిన మనిషి, పొట్ట స్టీరింగుకు తగులుతుండగా, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని లేని ప్రయాణికులకు బెల్టులు బిగించుకోమని చెప్పడం ఆమె చాలాసార్లు విన్నది. ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో, దాని ఖరీదు ఎవరు కట్టారో ఆమెకు తెలియదు.

అది మొదలైనప్పుడు మేము హైదరాబాద్ నాచారంలో, ఫ్యాక్టరీల గోడకు రెండు సందుల ఇవతల, ఒక రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. నాన్న జనగామ వైపు పల్లె నుంచి వచ్చి ఒక సీసాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిలో కుదురుకున్నాడు. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా మా ఇంట్లో పొద్దు పొడిచే వేళ మారేది. గాలి ఒకవైపు నుంచి వీస్తే మందుల కంపెనీల ఘాటు ముక్కులో మండేది, ఇంకోవైపు నుంచి వీస్తే బట్టీలో కాలుతున్న బ్రెడ్డు వాసనకు కడుపులో ఆకలి లేచేది. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. అమ్మ బిందెలు వరసలో పెట్టి, తన వంతు వచ్చేదాకా అక్కడే నిలబడి, కళ్లు మూసుకుని, గొంతెత్తి ప్రార్థన చేసుకునేది. మా ఇంటి కష్టాలన్నీ దేవుడికి తెలిసిన నిమిషానికే మా సందుకూ తెలిసేవి. బేగంపేటలో దిగే విమానాలు మా మీదుగానే పోయేవి. దండెం మీద ఆరేసిన బట్టలు తాకుతాయేమో అన్నంత కిందికి వచ్చేవి. నైట్ షిఫ్టు చేసి పడుకున్న నాన్న ఆ మోతకు కళ్లు తెరవకుండానే ఒక తిట్టు తిట్టి, అటు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు విమానాలన్నీ శంషాబాద్ పోయాయి. నాచారం ఆకాశం ఖాళీగా ఉంది. తిట్టడానికి నాన్న కూడా లేడు.

ఏదైనా కోర్సు నేర్చుకుంటానంటే నాన్న నాకొక పాత కంప్యూటర్ తెచ్చి ఇచ్చాడు. దాన్ని ముందు గదిలో, అక్క కుట్టుమిషన్ పక్కన పెట్టాం. పైన అక్క కుట్టిన పువ్వుల గుడ్డ కప్పేవాళ్లం. నేను కోర్సు నేర్చుకోలేదు. ఎవరో స్నేహితుడు ఒక సీడీ, దాంతోపాటు సజ్జ మీద దొరికిన ఈ నల్ల పిడి, అదే జాయ్‌స్టిక్, ఇచ్చాడు. సీడీలో విమానాలు నడిపే ఆట దొరికింది, అందులో కాంకార్డ్ దొరికింది. ధ్వని కంటే రెండింతల వేగంతో పోయే ప్రయాణికుల విమానం. దిగేటప్పుడు దాని పొడుగాటి ముక్కు కిందికి వంగుతుంది. అమ్మ మొదటిసారి అది చూసి, "కొంగ నీళ్లు తాగుతున్నట్టుంది" అని మెచ్చుకుంది. చిన్న విమానాలతో మొదలుపెట్టమని ఆ సీడీలోనే రాసి ఉంది. చిన్నవాటితో మొదలుపెట్టే గుణం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ విమానంతో ఒక చిక్కుంది. ధ్వని వేగం దాటేటప్పుడు దాని తూకం మారిపోతుంది. అందుకని ముందున్న ట్యాంకుల్లోని ఇంధనాన్ని తోక వైపు తోడాలి. మళ్లీ వేగం తగ్గించుకుని దిగేటప్పుడు ముందుకు తోడాలి. మరిచిపోతే తోక బరువెక్కి ముక్కు ఆకాశం వైపు లేస్తుంది, ఎంత అదిమినా మాట వినదు. నిజం విమానంలో ఈ పని చూడటానికే ఒక ఇంజినీరు పైలట్ల వెనక కూర్చునేవాడు. మా ఇంట్లో ఆ ఇంజినీరు మా అక్క సుజాత. సందులో ఆడవాళ్లకు జాకెట్లు కుడుతూ, మిషన్ ముందు నుంచి లేవకుండానే చెయ్యి చాపి మౌస్ పట్టుకునేది. "తోడాలెనా?" అనేది. "తోడు." "ఎనకకా, ముందుకా?" "ఎనకకు." తోడి మళ్లీ జాకెట్టు చేతులు అతుకుతూ, "నడిపేది నువ్వు, నీళ్లు మోసేది నేను. ఇంట్ల గంతే, ఇమానంల గంతే" అనేది.  పైలట్ మాట్లాడకూడదని ఎక్కడో చదివినట్టు మొహం పెట్టేవాణ్ని. నిజానికి ఆ నెలల్లో నేను ఒక్క బిందె కూడా మోయలేదు.

డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయాయి. ఉద్యోగం లేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ముందు గదిలో చాపలు పరిచి అమ్మ ఆడవాళ్ల కూడిక పెట్టేది. ఎవరి కష్టం వాళ్లు చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థన చేసేవాళ్లు. నేను వెనక గదిలో గోడకు ఆనుకుని వినేవాణ్ని. కిడ్నీలో రాళ్లున్న రత్నమ్మ పిన్ని తర్వాత నా పేరు వచ్చేది. "నా కొడుక్కు ఒక నౌకరి దొర్కాలె" అని అమ్మ ప్రతి వారం అదే మాట, అదే గొంతుతో చెప్పేది. కొన్నాళ్లకు రత్నమ్మ పిన్ని రాళ్లు పడిపోయాయి. ఆమె స్థానంలో ఇంకొకరి మోకాళ్లు వచ్చాయి, అవీ నయమయ్యాయి. నేను మాత్రం నయం కాలేదు.

ఒక మధ్యాహ్నం మొదటిసారి విమానాన్ని సముద్రం దాటించి, పడేయకుండా దించాను. తెర మీద ఇంగ్లీషులో అభినందనల పలకరింపు వచ్చింది. అమ్మ చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"ఏమంటుందిరా అది?"

"పాసైన అంటుంది."

"ఎవలంటున్రు?"

"కంపెనీ వాళ్లు."

"ఏం కంపెనీ?"

"ఇమానం కంపెనీ అమ్మా."

"అయితే నౌకరిల తీస్కుంటరా?"

"ట్రైనింగ్ అయినంక తీస్కుంటరు. ఇది ట్రైనింగే."

అక్క మిషన్ ఆపింది. నా వైపు చూసి, దారాన్ని పళ్లతో కొరికి తెంపింది. నేను ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను, అందులో విడివిడిగా చూస్తే ఒక్కటీ పచ్చి అబద్ధం కాదని. పాసైన మాట నిజమే. ఆ ఆట చేసింది ఒక కంపెనీయే. విడివిడిగా చూస్తే పాము కూడా కాస్త తల, కాస్త తోక.

మా చర్చి ఉప్పల్ బస్ డిపో వెనక సందులో ఒక రేకుల షెడ్డు. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉండేది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి నిలబడి మైకులో అందరికీ చెప్పొచ్చు. కొందరు చిన్న జలుబును చావుబతుకుల దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చేవాళ్లు. అమ్మ అట్లా కాదు. జ్వరం సగం తగ్గితే సగమే తగ్గిందని చెప్పేది. అందుకే మా అమ్మ ఎస్తేరమ్మ లేచిందంటే వెనక వరసల్లో మాటలు ఆగిపోయేవి. ఇద్దరికి తగాదా వస్తే, "ఎస్తేరమ్మ చూసిందా? ఆమెను అడుగుండ్రి" అనేవాళ్లు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, బండి లేదు. సంఘంలో మాకు ఉన్నదల్లా అమ్మ మాట మీద నలుగురికీ ఉన్న ఆ నమ్మకమే.

ఆ ఆదివారం అమ్మ లేచింది. "నా కొడుకు ఇమానం నడుపుడు పాసైండు. సముద్రం మీదికెళ్లి మా ఇంట్ల కూసోనే నడిపి చూపెట్టిండు. ట్రైనింగ్ అయినంక తీస్కుంటరట. ఇన్ని దినాలు మీరందరు ప్రార్థన జేసిన్రు, దేవునికి స్తోత్రం" అంది. షెడ్డు రేకులు అదిరేలా చప్పట్లు. పాస్టరయ్య సంతోషంగా మైకు నా వైపు చాపారు. అప్పుడు లేచి ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. నేను కూర్చున్నచోటే రెండు చేతులూ జోడించి తల వంచాను. వినయం అనుకున్నారు.

ఆ వారం రోజులు చూసినంత గౌరవం నా బతుకులో మళ్లీ ఎప్పుడూ చూడలేదు. మీసం తీసేశాను. పైలట్లకు మీసాలు ఉండవని నాకెవరు చెప్పారో గుర్తులేదు. సందులో నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని మబ్బుల వైపు చూసేవాణ్ని. రత్నమ్మ పిన్ని ఆపి, "మా చెల్లె దుబాయ్‌ల ఉంటది, నీ ఇమానం గటు పోతదా కొడుకా?" అని అడిగితే, "రూటు ఇంకా ఇయ్యలె పిన్ని" అన్నాను. అదే వారం అమ్మ, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక అని చెప్పి వచ్చింది. మేలు జరిగిన ఇంట్లో అందరినీ పిలిచి, ప్రార్థన చేయించి, అన్నం పెట్టడం మావాళ్లలో రివాజు. అక్క నన్ను పెరట్లోకి లాక్కుపోయింది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"కూడిక కానీ. అయినంక చెప్త."

"అన్నం తిన్నంక చెప్తవా, ఉపాసం ఉండుండ్రి అని?"

"అమ్మ మస్తు ఖుషీగ ఉందక్కా. ఇప్పుడే ఎందుకు?"

"గందుకే ఇప్పుడే చెప్పాలె" అంది. కానీ తనూ చెప్పలేదు. అమ్మ ఖుషీగా ఉండటం మేమిద్దరం ఎప్పుడో గాని చూసేవాళ్లం కాదు.

ఆదివారం మధ్యాహ్నానికి మా ముందు గది నిండిపోయింది, గుమ్మంలో చెప్పుల కుప్ప. వెనక పొయ్యి మీద బగారా అన్నం, కోడికూర. పాట పాడారు, వాక్యం చెప్పుకున్నారు. ఆఖరి ప్రార్థనకు ముందు పాస్టరయ్య, "బాబూ, ఆ ట్రైనింగ్ ఏందో ఒక్కసారి మాకు గూడ చూపియ్యి" అన్నారు. నేను చూపించాలనే తయారై కూర్చున్నాను. అంతకుముందే అక్కకు చెప్పాను, ఇవాళ నువ్వు వంటింట్లోనే ఉండు, అన్నీ నేనే చూసుకుంటానని. వెనక నుంచి అక్క "తోడాలెనా?" అని అడుగుతుంటే పైలట్‌కు ఏం మర్యాద ఉంటుంది?

బంగాళాఖాతం మీద, ధ్వని కంటే రెండింతల వేగంతో మొదలుపెట్టాను. హైదరాబాద్ తీసుకుపోయి బేగంపేటలో దించుతానని ప్రకటించాను. హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరూ లేని ఆ చివరకు ఇంగ్లీషులో ఏదో చెప్పాను. చాపల మీద ఒక గౌరవపు గుసగుస పాకింది. తీరం వచ్చింది. వేగం తగ్గించాను. "మన ఉప్పల్ మీదికెళ్లే పోతదా?" అని రత్నమ్మ పిన్ని అడిగింది. "పోతది పిన్ని, చూపిస్త" అన్నాను. చూపించే సంబరంలో ఇంధనం సంగతి మరిచిపోయాను. ముక్కు మెల్లగా లేవడం మొదలైంది.

"ముందుకు తోడు" అని వంటింటి గుమ్మంలోంచి అక్క గొంతు. విన్నాను. విననట్టు కూర్చున్నాను.

"తోడురా. ముక్కు లేస్తుంది."

తోడాను, కానీ అప్పటికే ఆలస్యమైంది. విమానం కుక్క మోర ఎత్తి ఏడ్చినట్టు ఆకాశం వైపు చూస్తూ, వేగమంతా పోగొట్టుకుని, వెనక్కి జారింది. తెర మీద మట్టిరంగు పొలాల్లాంటి మచ్చ పెరిగి పెరిగి దగ్గరికి వచ్చింది. ఆ క్షణంలో కూడా నా నోట వచ్చిన మాట, "ఇదే ఉప్పల్." తెర ఆగిపోయింది. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. కాలేజీకి పోయే పిల్ల ఒకతి చదివి, మెల్లగా, "కూలింది" అంది.

తెరకు అందరికంటే దగ్గరగా కూర్చున్నది శాంతవ్వ. చూపు ఆనదు, సంఘంలో అందరికంటే పెద్దావిడ. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎంతమంది ఉన్నరు బిడ్డ లోపట?"

"ఎవలు లేరవ్వా."

"మరి నడిపేటోడు?"

"నేనే అవ్వా."

"నువ్వు గిక్కడ్నే ఉన్నవ్ గద?"

"ఔ అవ్వా. ఇక్కడ్నే ఉన్న."

ఎవరో నవ్వు ఆపుకోబోయి దగ్గారు. ఆటో నడిపే ఏసుదాసు మామ, "మా ఇల్లు గాడనే ఉండె. పునాదన్న ఉందో లేదో పోయి చూసి రావాలె" అన్నాడు. అప్పుడు గది అంతా నవ్వింది. అది ఆట అని అందరికీ తెలిసిపోయింది. నవ్వు అయిపోయాక వాళ్లు చూసింది నా వైపు కాదు, అమ్మ వైపు. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పాస్టరయ్య కళ్లు మూసుకుని, "తండ్రీ, ఈ బిడ్డను జర మెల్లగ భూమ్మీదికి దించు. వండిన అన్నాన్ని దీవించు. ఆమెన్" అన్నారు. అందరూ తిన్నారు. అమ్మ అందరికీ అడిగి అడిగి వడ్డించింది. నాకు ఎప్పటిలాగే కోడి కాలు వేసింది. ఆ ముక్క గొంతు దిగలేదని రాయాలని ఉంది గాని, దిగింది. నాకు బాగా ఆకలిగా ఉంది.

అందరూ పోయాక అమ్మ గిన్నెలు తోముతూ అడిగింది.

"నౌకరి లేదా?"

"లేదు."

"మరి పాసైన అన్నది?"

"అది అందరికి అట్లనే అంటదమ్మా."

"మంచిదే" అంది. "అందర్ని పాస్ జేసుడు మంచిదే." గిన్నె బోర్లించి ఇంకొకటి తీసుకుంది. తిట్టలేదు. నాన్న తిట్టాడు, చాలాసేపు తిట్టాడు, దాంతో నాకు ప్రాణం కొంచెం తేలికపడింది కూడా.

తర్వాతి ఆదివారం అమ్మ చర్చికి రాదనుకున్నాను. అందరికంటే ముందు తయారైంది. సాక్ష్యాల సమయానికి లేచి మైకు తీసుకుంది. దాన్ని అట్లాగే పట్టుకుని మగవాళ్ల వైపు, ఆఖరి వరస దాకా చూసింది. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. "రెండు వారాల కింద నేను తప్పు సాక్ష్యం చెప్పిన" అంది. "నాకు ఇంగ్లీషు రాదు, సదువు రాదు. నా కొడుకు అది ఆటనే అని మంచిగనే చెప్పిండు. నేనే వేరే తీరుగ సమజ్ చేస్కున్న. దేవుడు మాఫ్ జెయ్యాలె, మీరు గూడ మాఫ్ జెయ్యుండ్రి." కూర్చుంది. ఆ షెడ్డులో ఏనాడూ సగం జ్వరాన్ని ముప్పావు అని చెప్పని మనిషి, నా మూలంగా రెండు అబద్ధపు సాక్ష్యాలు చెప్పింది. మొదటిది తెలియక చెప్పింది, రెండోది తెలిసి చెప్పింది. నేను ఆ రెండోసారి కూడా లేవలేదు. ఆ తర్వాత చాలాకాలం, అమ్మ సాక్ష్యానికి నిలబడితే ముందు వరసల్లోంచి ఎవరో ఒకరు, "నిజంగనా ఎస్తేరమ్మా, కంప్యూటర్లనా?" అనేవాళ్లు. ఎగతాళికి కాదు, సరదాకే. అమ్మ కూడా నవ్వేది. తగాదాల్లో మాత్రం ఆమెను అడుగుదామని ఎవరూ అనడం నేను మళ్లీ వినలేదు.

ఆ రెండు పేపర్లు రాసి, మల్లాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కల గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిపించుకున్నాను. అక్క పెళ్లయి నాగారం పోయింది, అక్కడ పెద్ద కుట్టు దుకాణం నడుపుతోంది. ఫోన్ చేస్తే ఇప్పటికీ, "ఎక్కడున్నవ్, గాల్లనా, నేలనా?" అని అడుగుతుంది. రేకుల షెడ్డు ఇప్పుడు రెండంతస్తుల చర్చి, చాపల బదులు మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి. డిపో పక్కనుంచి మెట్రో పోతుంటే కిటికీలు సన్నగా వణుకుతాయి. నా దగ్గరున్న కొత్త కాంకార్డు ఇంధనాన్ని తనంతట తనే ముందుకూ వెనక్కూ తోడుకుంటుంది. వేళ్లతో తాకితే చాలు, నున్నగా దిగుతుంది. ఉప్పల్‌లో ఒక్కొక్క ఇల్లూ కనిపిస్తుంది. అంత బాగా దిగినా చూడటానికి గదిలో ఎవరూ ఉండరు. ఎవరైనా తలుపు తీస్తే నేనే తెర ఆపేస్తాను.

సజ్జ దులిపిన ఆ వారం చర్చిలో, సాక్ష్యాలు ఎవరైనా ఉన్నారా అని అడిగినప్పుడు లేచాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.  ఒకప్పుడు మా అమ్మ ఇక్కడ నిలబడి తప్పు తనదని చెప్పింది, అది ఆమెది కాదు, ఆమెకు అబద్ధం చెప్పింది నేను, ఆమె లేచినప్పుడు లేవనిది నేను అని చెప్పాను. కాంకార్డు సంగతి, కూలిన సంగతి అన్నీ చెప్పాను. విన్నవాళ్లలో ఆ రోజు మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లంతా కొత్తవాళ్లు, మర్యాదగా చప్పట్లు కొట్టారు. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక కుర్రాడు వచ్చి చెయ్యి కలిపి, "అంకుల్, మీరు పైలట్‌గ ఎన్నేండ్లు జేసిన్రు?" అని అడిగాడు. "నేను పైలట్‌ను కాదు బిడ్డా" అన్నాను. అతను కొంచెం నిరాశపడ్డాడు.

ఆటోలో అమ్మ పక్కన కూర్చున్నాను. రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది.

"అప్పుడు ఎందుకట్ల చెప్పినవమ్మా, తప్పు నీదని?" అని అడిగాను.

"నువ్వు లేస్తవని చూసిన" అంది. "లేవకపోతివి. మైకు ఎంతసేపని పట్టుకుంట?"

 పచ్చ లైటు పడింది, ఆటో కదిలింది. అమ్మ కొంగు సర్దుకుని, గాలికి కళ్లు చికిలించి, రోడ్డు వైపు చూస్తూ అంది.

"ఇయ్యాల మంచిగనే చెప్పినవ్. గని ఇమానం పడ్డదని మొదట్లనే చెప్తివి. గది ఆఖర్ల చెప్పాలె. లేకుంటే జనం ఎందుకింటరు?"